అప్‌డేట్: పాప ఫోన్ లొకేషన్ సంగతి

కడపలో ఇంటర్ చదివే మా అమ్మాయి ఫోన్‌లో, తనకు చెప్పకుండా ట్రాకింగ్ యాప్ పెడదామని మా ఆయన పట్టుబడుతున్నారు, ఏం చేయమంటారని అడిగాను కదా. పెట్టలేదు. పాపనే అడిగాం. "చెప్పి చూసుకోండి, దొంగచాటుగా వద్దు" అనేసింది. ఇప్పుడు ట్యూషన్‌కు బయలుదేరేటప్పుడు తనే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెడుతుంది. అందులో 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని ఉంటాయి. 8 కావాలని ఆయన, గంట చాలని పాప. గంటే ఖాయమైంది.

ఒక చిక్కు ఉంది. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర ట్యూషన్‌లో ఉన్న పిల్ల ఒకరోజు ఏడు రోడ్ల దగ్గర కనిపించింది. గది లోపల జీపీఎస్ సరిగా అందకపోతే ఫోన్ టవర్లు, వైఫైని బట్టి అంచనా వేస్తుంది మరి. ఆయన టెన్షన్ చూడాలి, బండి తాళం తీసేశారు! ఫోన్ చేస్తే క్లాసులోనే ఉంది. మా అత్త మాత్రం "ముందు మా వాడికి పెట్టమ్మా ఆ యాప్" అంటోంది.