సీడ్ ఒకటే, మెషిన్ మారితే ర్యాండమ్ నంబర్లు మారిపోతున్నాయి

రాత్రిషిఫ్ట్: సి ప్లస్ ప్లస్‌లో పాచికల సిమ్యులేషన్ రాశాను. ర్యాండమ్ నంబర్లు పుట్టించేది ఎంటీ19937 (మెర్సెన్ ట్విస్టర్) ఇంజిన్, దానికిచ్చిన మొదలు నంబరు, అంటే సీడ్, 42. విండోస్ ల్యాప్‌టాప్‌లో విజువల్ స్టూడియోతో ఒక ఫలితం, లినక్స్ సర్వర్‌లో జీసీసీ కంపైలర్‌తో ఇంకోటి. ఏ మెషిన్‌కి ఆ మెషిన్‌లో ఎన్నిసార్లు నడిపినా మళ్లీ అదే వస్తోంది. గురువారం డెమో ఉంది, టెన్షన్‌గా ఉంది.

కోడ్‌బాబు: పాత ర్యాండ్ ఫంక్షన్ ఎక్కడైనా మిగిలిందేమో చూడు బ్రో. విజువల్ స్టూడియోలో దాని గరిష్ఠం 32767, లినక్స్‌లో 2147483647. ఇక కలిసేదెక్కడ!

రాత్రిషిఫ్ట్: వెతికాను, ఎక్కడా లేదు.

లెక్కలపంతులు: ముందు ఇంజిన్ ఇచ్చే ముడి నంబర్లు ప్రింట్ చేయండి. సీడ్ 42కి మొదటిది రెండు చోట్లా 1608637542 రావాలి. సీడ్ ఇవ్వకుండా నడిపితే 10000వ నంబరు 4123659995 అని సి ప్లస్ ప్లస్ అధికారిక స్టాండర్డ్‌లోనే రాసి ఉంది. అవి కలిస్తే ఇంజిన్‌ది తప్పు కాదు. మీరు యూనిఫార్మ్ ఇంట్ డిస్ట్రిబ్యూషన్ వాడుతున్నారు కదా? ముడి నంబరును 1 నుంచి 6 మధ్యకి ఎలా తేవాలో స్టాండర్డ్ చెప్పదు, లైబ్రరీ రాసేవాళ్ల ఇష్టం.

రాత్రిషిఫ్ట్: పంతులుగారూ, ముడి నంబర్లు అచ్చం ఒకటే! డిస్ట్రిబ్యూషన్ తగిలించగానే తేడా. అయితే నేరుగా 6తో శేషం తీసేయనా?

లెక్కలపంతులు: తీయొచ్చు, కానీ ఇంజిన్ ఇవ్వగల మొత్తం నంబర్లు 4294967296, అది ఆరుతో నిశ్శేషంగా పోదు, 4 మిగులుతుంది, దాంతో కొన్ని ముఖాలకి కాస్త ఎక్కువ అవకాశం వస్తుంది. కాబట్టి 4294967292, ఆపై వచ్చినవాటిని పారేసి ఇంకో నంబరు తీసుకోండి. మిగతావాటికి శేషం తీసి 1 కలపండి. ఐదారు లైన్ల పని, ఏ కంపైలర్‌లో అయినా ఒకటే వస్తుంది.

పద్మజ_డేటా: పైథాన్ వాళ్లకీ ఈ తిప్పలు తప్పవండీ. సీడ్ 42 ఇస్తే ర్యాండమ్ మాడ్యూల్ మొదట 0.6394 ఇస్తుంది, నంపై లైబ్రరీ పాత పద్ధతిలో 0.3745. లోపల రెండూ మెర్సెన్ ట్విస్టరే! సీడ్‌ని లోపలికి ఎక్కించే తీరు వేరు, అంతే. నంపై 1.17లో వచ్చిన కొత్త జెనరేటర్ అయితే వెర్షన్ మారినా అవే నంబర్లు వస్తాయని హామీ ఇవ్వదు. వెర్షన్ నంబరు కూడా ఫలితాల పక్కన రాసుకోవడం మేలు. ఆర్ భాషలోనూ 3.6.0 వెర్షన్ నుంచి శాంపిల్ ఫంక్షన్ పద్ధతి మారింది, పాత స్క్రిప్టులు వేరే ఫలితాలిస్తాయి.

కోడ్‌బాబు: ఈ విషయంలో జావానే నయం. ర్యాండమ్ క్లాస్ ఫార్ములా డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, ఎక్కడైనా అదే వరస. దాని లోపలి సీడ్ 48 బిట్లే కాబట్టి పెద్ద సిమ్యులేషన్‌కి మాత్రం వాడను.

సర్వర్‌సుబ్బు: ఒక్కోసారి ర్యాండమ్‌ని అనవసరంగా తిడతాం. ఫోల్డర్‌లో ఫైళ్ల జాబితా రెండు మెషిన్లలో ఒకే వరసలో రానక్కర్లేదు. షఫుల్ చేసే ముందు సార్ట్ చేశారా, చూసుకోండి.

రాత్రిషిఫ్ట్: పాచికలు కలిశాయి, థాంక్యూ అందరికీ. నార్మల్ డిస్ట్రిబ్యూషన్ కూడా బాక్స్ ముల్లర్ సూత్రంతో (లాగ్, కొసైన్ వాడేది) సొంతంగా రాశాను. కొన్నిచోట్ల చివరి అంకె ఒక్కటే తేడా వస్తోంది.

లెక్కలపంతులు: లాగ్, కొసైన్ ఫంక్షన్లు ఒక్కో లైబ్రరీలో చివరి బిట్ దగ్గర తేడా పడతాయి. డెమోకైతే 9 దశాంశాల వరకు పోల్చండి చాలు. బిట్‌కి బిట్ కలవాల్సిందే అంటే ఆ రెండు ఫంక్షన్లూ మీరే రాసుకోవాలి, గురువారంలోపు వద్దు.