పడుగేది, పేకేది?

నిన్న ఇక్కడ పెట్టిన కవితలో పడుగుని అటూ ఇటూ పరుగెత్తించారు. కవిత నాకు నచ్చింది, కానీ ఆ పరుగు పేకది. పడుగు మగ్గం మీద పొడవునా బిగించి ఉన్న పోగుల వరస, సగం పోగులు పైకి లేచి సగం కిందికి దిగి మధ్యలో దారి ఇస్తాయి, అంతే. నాడెలో, అంటే దారపు కండెని మోసుకెళ్లే పడవలాంటి పనిముట్టులో కూర్చుని ఆ దారిలోంచి ఈ అంచు నుంచి ఆ అంచుకి దూకేది పేక. పడుగూ పేకల్లా కలిసిపోయారు అని రోజూ అంటాం కదా, ఏది ఏదని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు.

మోకాలి దగ్గర చిరిగిన జీన్స్ ఉంటే ఒకసారి చూడండి. అడ్డంగా వేలాడుతున్న తెల్ల దారాలు పేక. తెగిపోయి కుచ్చులా మిగిలిన నీలం దారాలు పడుగు. మామూలు డెనిమ్‌లో నీలిమందులో ముంచేది పడుగునే, పేకని తెల్లగా వదిలేస్తారు. నేత ఏటవాలుగా ఉండి పడుగు పోగులే పైకి ఎక్కువగా తేలతాయి కాబట్టి ప్యాంటు పైన నీలం, తిరగేస్తే తెలుపు.

గుడ్డ చేతిలో పట్టుకుని లాగినా తెలుస్తుంది. అంచు వెంబడి, అంటే పడుగు వైపు లాగితే పెద్దగా సాగదు, అడ్డంగా కాస్త సాగుతుంది, ఐమూలగా లాగితే బాగా సాగుతుంది.

బిగువూ ఒరిపిడీ ఎక్కువగా భరించేది పడుగే కాబట్టి దాని నూలుకి పురి ఎక్కువ పెడతారు, నేతకి ముందు గంజి కూడా పట్టిస్తారు. ఈ గంజి సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. ఒకసారి కోరా గుడ్డ తెచ్చి, ఉడకబెట్టకుండా, కనీసం నానబెట్టకుండా నేరుగా రంగులో ముంచాను. నీళ్లు చుక్కలు చుక్కలుగా పైనే నిలబడ్డాయి, రంగు కొన్నిచోట్ల ముదురుగా, కొన్నిచోట్ల వెలిసినట్టుగా మచ్చలు మచ్చలుగా ఎక్కింది. గంజీ, పత్తికి సహజంగా ఉండే మైనమూ పోతే తప్ప రంగు లోపలికి దిగదు. బాధేసింది, మంచి గుడ్డ.

నూలు, దారం ఒకటేనా అని కింద ఒకరు అడిగారు. వాడుకలో నేతకి నూలు, కుట్టుకి దారం. కుట్టు దారం కొస పట్టుకుని పురి విప్పితే రెండో మూడో పోగులుగా విడిపోతుంది, ఒంటి పోగుల్ని కలిపి మళ్లీ పురి పెట్టింది అది. నూలు సన్నదనం చెప్పే నెంబరు వచ్చేది చిలపల, అంటే నూలు చుట్టల లెక్కతో. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌండు బరువు తూగుతాయో అదే నెంబరు, అందుకే 80 నెంబరు 40 కంటే సన్నం.

బనియన్ గుడ్డలో పడుగేది అని ఇంకొకరు అడిగారు. అందులో లేదండీ. అది నేత కాదు, అల్లిక. దారాన్ని ఉచ్చులు ఉచ్చులుగా ఒకదాంట్లోకి ఒకటి దూర్చుకుంటూ పోతారు, ఒంటికి పట్టినట్టు సాగేది అందుకే.

కవిత రాసినవారికి ఒక మాట. 'పడుగు' తీసేసి 'పేక' పెట్టండి, వచన కవితే కాబట్టి ఒక అక్షరం తగ్గినా నష్టం లేదు, ఆ పోలిక అప్పుడు నిజంగా నిలబడుతుంది.