గొడుగు మొక్క కొసలు ఎండుతున్నాయి, తుంగజాతి మొక్కలు పెంచేవాళ్లు కాస్త చెప్పండి

మిద్దెతోట, కరీంనగర్:
నర్సరీలో అంబ్రెల్లా పామ్ అని ఇచ్చారు. చలికాలమంతా బాగానే ఉంది, ఎండలు ముదిరాక గొడుగు ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగి ఎండిపోతున్నాయి. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీకంపోస్టు కలిపిన కుండీ, రోజూ ఉదయం బోరు నీళ్లు. ఎరువు చాలకా, తెగులా? నాకు టెన్షన్‌గా ఉంది.

తెనాలి పెరడు:
తెగులు కాదండీ, దాహం. అది సైపరస్, మన పొలంగట్ల తుంగకు దాయాది, బురదలో పుట్టి పెరిగే మొక్క. రోజుకోసారి నీళ్లు పోసి వదిలేస్తే ఏప్రిల్‌లో దానికి ఏం సరిపోతాయి? కుండీని నీళ్ల టబ్బులో దించి, అడుగున రెండు మూడు అంగుళాల నీళ్లు ఎప్పుడూ ఉండేట్టు చూడండి. మేం రంధ్రం లేని సిమెంటు తొట్టిలోనే వేశాం, నల్లమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు కొంచెం, పైన ఇసుక పొర, దాంతో మట్టి పైకి లేచి నీళ్లు మురికవ్వవు. కోకోపీట్ మాత్రం వద్దు, నీళ్లలో తేలిపోతుంది.

మల్కాజిగిరి బాల్కనీ:
పై మాట నిజమే, కానీ బోరు నీళ్ల సంగతి కూడా చూడండి. కుండీ అంచున తెల్లగా పేరుకుంటోందా? నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఉప్పు చిక్కబడి కొసలు మాడతాయి. అప్పుడప్పుడు టబ్బు ఖాళీ చేసి కొత్త నీళ్లు నింపండి, వాననీళ్లు పట్టుకుంటే ఇంకా మంచిది, ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు అసలు పోయొద్దు. ఎండిన కాడలు మళ్లీ పచ్చబడవు, మొదలుకంటా కోసేయండి, పక్కనుంచి కొత్తవి వస్తాయి.

మిద్దెతోట, కరీంనగర్:
నీళ్లు నిలవుంటే దోమలు రావా?

మల్కాజిగిరి బాల్కనీ:
టబ్బులో నాలుగు గప్పీ చేపలు వేయండి, దోమ పిల్లల్ని తినేస్తాయి. చేపలుంటే మందులు కొట్టొద్దు.

రాజమండ్రి మొక్కల పిచ్చి:
కొత్త మొక్క కొనక్కర్లేదు కూడా. ముదిరిన గొడుగొకటి రెండంగుళాల కాడతో కోసి, ఆకులను సగానికి కత్తిరించి, గ్లాసు నీళ్లలో తలకిందులుగా పెట్టండి. కొన్ని వారాల్లో ఆకులు కలిసే నడిమిభాగం నుంచి తెల్లటి వేళ్లు, వాటి పక్కనే సూదిమొనల్లాంటి పచ్చటి పిలకలు వస్తాయి, చూస్తే ఎంత ముచ్చటేస్తుందో! దీని జాతిలోనే పొడుగ్గా పెరిగే పాపిరస్ కావాలంటే దుంప విడదీసి నాటడమే తేలిక, అది ఆరేడడుగులు దాటుతుంది కాబట్టి మిద్దె మీద గాలికి విరగకుండా గోడవారన పెట్టుకోండి. ఇంకోమాట, పీకేసిన దుబ్బులు కాలువలో, చెరువులో పడేయకండి దయచేసి. ఇవి ఆఫ్రికా వైపు మొక్కలు, తడి దొరికితే అల్లుకుపోతాయి.

లెస్టర్ నుంచి:
ఇక్కడ ఇంగ్లండ్ చలికి అవి బయట నిలవవు, మేం తుంగ కుటుంబానిదే అయిన కేరెక్స్ వేస్తాం. అందులో ఎవర్‌గోల్డ్ అనే రకం జపాన్ మొక్క, ఆకు మధ్యలో మీగడరంగు చార, ఏడాదంతా పచ్చగానే ఉంటుంది, కొంచెం నీడున్నా పర్వాలేదు. గడ్డిలా మొదలుకంటా కోస్తే తేరుకోవడం కష్టం, అందుకే వసంతంలో చేతికి గ్లవుజు వేసుకుని ఎండిన ఆకులు దువ్వి తీసేస్తాం.

తెనాలి పెరడు:
కరీంనగర్ వారికి ఒక జాగ్రత్త. పొలం మట్టి తెస్తే తుంగగడ్డలు కూడా వచ్చేస్తాయి. పైన పీకితే గడ్డ లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది, తవ్వి గడ్డతో సహా తీయాలి. కలుపు మందు జోలికి పోవద్దు, రెండూ ఒకే జాతి, మీ మొక్కా పోతుంది.

మిద్దెతోట, కరీంనగర్:
చెరువు నల్లమట్టి దొరుకుతుంది, జల్లెడ పట్టి వాడతాను. పడమటి ఎండ పడుతుంది, నెట్ కట్టాలా?

తెనాలి పెరడు:
కాళ్లు నీళ్లలో ఉంటే ఎండకు తట్టుకుంటుందండీ. మే నెల వడగాడ్పులప్పుడు మాత్రం మధ్యాహ్నం నీడ ఉండేచోటికి జరపండి.