చూపు తగ్గేకొద్దీ తెలిసిన వీధుల్లో పాత బొమ్మలే కనపడుతున్నాయి, ఎవరికైనా ఇలా ఉందా?

సత్యనారాయణపురం_కుర్రాడు:
నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా అండి, కంటి రెటీనా మెల్లగా దెబ్బతినే జబ్బు. ముందు రేచీకటి, తర్వాత పక్కచూపు పోయింది, ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు మధ్యలోదే కనపడుద్ది. విజయవాడలో మా ఇంటి దగ్గర రైలు పట్టాలు తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు వేసి చాలా ఏళ్లయింది, ఆ రోడ్డు చూపు బాగున్నప్పుడే చూశాను కూడా, అయినా ఇప్పుడు పొద్దుగూకాక అటు నడుస్తుంటే మనసులోకి పట్టాలే వస్తున్నాయి. బెంజ్ సర్కిల్ అంటే ఫ్లైఓవర్ లేని బెంజ్ సర్కిలే. కొత్తవన్నీ ముక్కలుగా కనపడి ఒకచోట కుదరట్లేదు, పాతవేమో నిండుగా ఉన్నాయి. ఎప్పుడో తీసేసిన షాపు బోర్డు రంగుతో సహా కనపడిందంటే అక్క కంగారు పడిపోయింది. ఇది మతిమరుపా?

గుంటూరు_అమ్మాయి:
మా అమ్మకి గ్లకోమా అన్నా, అచ్చం ఇంతే. చూపు పోయినచోట నల్లగా ఏమీ ఉండదంట, ఆ ఖాళీని మెదడే నింపేస్తదని డాక్టర్ చెప్పారు. అమ్మయితే అరండల్‌పేటలో లేని మెట్టు కోసం కాలెత్తుద్ది, ఉన్న మెట్టు తన్నుకుంటది, చూస్తుంటే ప్రాణం ఉసూరుమంటది. మీరూ డాక్టర్‌కి ఒకసారి చెప్పండి.

కృష్ణలంక_బాబాయ్:
బాబూ, నాకు చూపు పూర్తిగా పోయి చాలా కాలమైంది. ఆ పాత ఊరిని పోగొట్టుకోవాల్సిన పన్లేదు, దాచుకో, అది నీదే. అడుగు మాత్రం దాన్ని నమ్మి వెయ్యొద్దు. ప్రకాశం బ్యారేజీ మీద గుంటూరు వైపు నడిస్తే, గేట్లెత్తిన రోజున ఎడమపక్క నీళ్ల హోరు ఉంటది, నాకు బ్యారేజీ అంటే ఇప్పుడదే, కళ్లున్నప్పుడు ఆ హోరు ఎటునుంచి వస్తందో కూడా పట్టించుకోలేదు. మీ అక్కని తీసుకుని పగటిపూట ఆ రోడ్డంతా నడువు, ఏది తర్వాత ఏదొస్తందో పైకి చెప్పుకో, రెండుమూడుసార్లు కాదు, కాళ్లకి వచ్చేదాకా. తెల్లకర్ర ఇప్పుడే నేర్చుకో, కాస్త చూపుండగా నేర్చుకుంటే తేలిక.

పటమట_టీచర్:
ఇంకోటి, సదరం సర్టిఫికెట్‌కి, అంటే వైకల్య ధ్రువపత్రానికి వెళ్లేటప్పుడు ఫీల్డ్ టెస్ట్ (చూపు ఎంత వెడల్పున ఉందో కొలిచే పరీక్ష) రిపోర్ట్ తప్పకుండా పట్టుకెళ్లండి. చార్టులో అక్షరాలు చదివేస్తున్నాం కదా మనకి రాదులే అని చాలామంది ఆగిపోతున్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం చూపు వెడల్పు 40 డిగ్రీల లోపు ఉంటే లో విజన్ (తక్కువ చూపు), 10 లోపయితే అంధత్వమే.

సత్యనారాయణపురం_కుర్రాడు:
ఫీల్డ్ టెస్ట్ లెక్కలోకి వస్తదని నాకు ఎవరూ చెప్పలేదండి, థాంక్యూ. బాబాయ్ గారూ, కర్ర ఎక్కడ నేర్పుతారు?

కృష్ణలంక_బాబాయ్:
తాడిగడప ఎల్వీ ప్రసాద్ కంటాసుపత్రిలో లో విజన్ విభాగం వాళ్లని అడుగు, చెప్తారు. అక్కని కూడా తీసుకెళ్లు, పక్కన నడిచేవాళ్లు చెయ్యి ఎలా ఇవ్వాలో తనకీ తెలియాలిగా.