పియోనీ దుంప వేసాను, ఆకులొచ్చి ఎండిపోయింది. మన వైపు ఎవరైనా పూయించారా?

విజయనగరం పెరడు: అందరికీ నమస్కారం. మాది కంటోన్మెంట్ వైపు. మా అన్నయ్య కూతురు అమెరికాలో ఉంటాది, మే నెలాఖర్లో వీడియో కాల్ చేసి పెరట్లో పువ్వు చూపించింది, లడ్డూ అంత మొగ్గ విచ్చుకుని పళ్ళెమంత అయిపోయింది, పియోనీ అంటారట. అది చూసీసి ఊరుకోలేక ఆన్‌లైన్‌లో దుంప ఒకటి, విత్తనాల ప్యాకెట్ ఒకటి తెప్పించీసాను. జానెడు లోతు తవ్వి గెత్తం దండిగా వేసి పాతాను. డిసెంబర్లో నాలుగు ఆకులొచ్చాయి, మార్చి ఎండకి పడిపోయాయి. విత్తనాలు ఆవగింజల్లా ఉన్నాయి, ఒక్కటీ మొలవలేదు. నీళ్ళు ఎక్కువయ్యాయా, గెత్తం తక్కువయ్యిందా, ఎలగ బతికించాలి?

రాజాం మిద్దెతోట: ఆవగింజల్లా ఉంటే అవి ఏటో గానీ పియోనీ మాత్రం కావు. పియోనీ గింజ బఠాణీ అంత ఉంటాది, నల్లగా మెరుస్తాది. అసలువే ఇచ్చినా కొన్నాళ్ళు వెచ్చగా ఉంటే వేరు, ఆ తర్వాత కొన్నాళ్ళు చలి తగిలితే మొలక, పువ్వుకి ఇంకో నాలుగైదేళ్ళు. ముందు డబ్బులు వెనక్కి అడగండి అన్నయ్యా.

సిక్కోలు అమ్మాయి, మిచిగాన్: బాబాయ్ గారూ, తప్పు నీళ్ళదీ కాదు గెత్తందీ కాదు, చలిది. దీనికి ఏటా 4, 5 డిగ్రీల లోపు చలి రకాన్ని బట్టి 500 నుంచి 1000 గంటలు పడాలి, అప్పుడే లోపల మొగ్గ నిద్ర లేస్తాది. మనకి భోగి మంట దగ్గర కూర్చున్న రోజు కూడా పదిహేను దగ్గరే ఆగిపోద్ది కదా. ఇక్కడ నేను సెప్టెంబర్ ఆఖర్లో పాతుతాను, దుంప మీద ఎర్రటి కళ్ళు, అంటే మొలకొచ్చే మొగ్గలు, ఉంటాయి, అవి మట్టికి రెండంగుళాల లోపే ఉండాలి, జానెడు లోతయితే ఇక్కడైనా ఆకులే గానీ పువ్వు రాదు. గెత్తం దుంపకి తగలనివ్వకూడదు, కుళ్ళిపోద్ది. నాది మూడో ఏడుకి గానీ పూయలేదు, మొగ్గ నిండా చీమలు చూసి మందు కొట్టబోతే పక్కింటి పెద్దావిడ ఆపింది, మొగ్గ మీద తీపి ఊరుతాది, దానికోసం వస్తాయి, ఏమీ చెయ్యవు అని. ఆవిడ మొక్క నలభై ఏళ్ళదంట, ఇంకా పూస్తోంది!

పాలకొండ కుర్రోడు: మరి లంబసింగిలో వేస్తే? లేపోతే దుంపని ఫ్రిజ్‌లో పెట్టీస్తే?

సిక్కోలు అమ్మాయి, మిచిగాన్: లంబసింగిలో రాత్రి ఎంత పడినా పొద్దెక్కేసరికి వేడెక్కిపోద్ది తమ్ముడూ, దీనికి వారాల తరబడి ఆగని చలి కావాలి. ఫ్రిజ్ అంటే, తడి కోకోపీట్‌లో, అదే కొబ్బరి పొట్టులో, చుట్టి కూరగాయల అరలో రెండు నెలలు ఉంచొచ్చు, పళ్ళకి దూరంగా, పళ్ళ నుంచొచ్చే గ్యాస్‌కి మొగ్గ పాడవుద్ది. బాగా ముదిరిన దుంపయితే ఒకసారి పూసినా పూయొచ్చు. కానీ ఆ తర్వాత మన ఎండాకాలం, దాని వెనకాల వానలు, ఎక్కడ తట్టుకుంటాది? మన దేశంలో అడవి పియోనీ ఉంది గానీ అది కాశ్మీరు, హిమాచల్ కొండల్లో.

బొబ్బిలి అక్క: పియోనీ పోతే పోనీలెండి 😄 అలాంటి ముద్ద పువ్వే కావాలంటే డాలియా పెట్టండి. వానలు తగ్గాక అక్టోబర్లో వేస్తే సంక్రాంతి దాటేసరికి పూస్తాది, పెద్ద రకమయితే పళ్ళెమంతే. కర్ర మాత్రం దుంప వేసినప్పుడే పాతీయండి, పువ్వు బరువుకి కొమ్మ విరిగిపోద్ది, నాకు రెండు విరిగాయి.

విజయనగరం పెరడు: ఇందాకే తవ్వి చూసాను, దుంప అడుగు మెత్తబడి వాసనొస్తోంది. ఫ్రిజ్ మాట ఇంట్లో ఎత్తితే మా ఆవిడ, పెరుగు పెట్టడానికే చోటు లేదంది. బొబ్బిలి అక్కా, మీ దగ్గర డాలియా దుంపలు మిగిలితే రెండు ఉంచండి, ఆదివారం బండేసుకుని వచ్చీసి పట్టుకెళ్తాను.