డైనింగ్ టేబుల్‌కి టేకా, ఇంటి వేపా?

గోదారిగట్టు: మొన్న తుఫానుకి మా పెరట్లో వేపచెట్టు పడిపోయింది. మొదలు ఒక మనిషి కౌగిలికి అందనంత ఉంది. దాన్ని కోయించి ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్, ఒక డబుల్ కాట్ చేయించాలని నాకుంది. మా ఆయన టేకు తప్ప వద్దంటున్నారు. గృహప్రవేశం మాఘమాసంలో. సలహా చెప్పండి.

ఇందూరు_అన్న: టేకే, ఇంకో మాట లేదు. మా బావ ఊరి వేపతో మంచం చేయించాడు. రెండో ఎండాకాలానికే పలకలు విచ్చి, అతుకుల్లోని కుసులు వదులై, కదిలితే చాలు కిర్రుమంటోంది. టేకులో నూనె ఉంటుంది, చెద దగ్గరికి రాదు.

బాడిస: అన్నా, ఆ నూనె ఉండేది చేవలో, అంటే మాను మధ్యలోని ముదురు చెక్కలో. చుట్టూ ఉండే తెల్ల చెక్కను చెదలు తింటాయి, పుచ్చు కూడా పడుతుంది. తోటల్లో పదిహేను, ఇరవై ఏళ్లకే కొట్టేసే టేకులో తెల్ల భాగమే ఎక్కువ. ఇక మీ బావగారి మంచం విచ్చింది పచ్చి చెక్కతో చేసినందుకు, వేప అయినందుకు కాదు. పచ్చి టేకైనా వంగుతుంది.

చెట్టుకింద: పడిన చెట్టే అయినా కోసి సామిల్లుకి తోలే ముందు ఫారెస్టు వాళ్లని అడగండి. వాల్టా అని నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది.

ఇందూరు_అన్న: అందుకే బర్మా టేకు తీసుకోండి, ఈ తెల్ల చెక్క గొడవే ఉండదు.

బాడిస: మయన్మార్, అదే బర్మా, 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. కోసిన చెక్క వస్తుంది, కాదనను. కానీ ఆఫ్రికా నుంచీ, దక్షిణ అమెరికా నుంచీ వచ్చిన టేకుని కూడా బర్మా అనే అమ్ముతున్నారు. ఏ దేశం చెక్కో బిల్లు మీద రాసిమ్మనండి. రాయకపోతే బర్మా రేటు ఇవ్వకండి.

ఫ్లాట్_నంబర్_మూడు: ఐఎస్ 710 ప్లైవుడ్ (నీటిని తట్టుకునే మెరైన్ రకం) వేయించి పైన వెనీర్, అంటే పల్చటి చెక్క పొర, అంటిస్తే సరిపోదా?

ఇందూరు_అన్న: ఇక్కడ ప్లైవుడ్ సంగతి ఎవరడిగారండీ? బాడిస గారూ, మీరు వడ్రంగుల్ని వెనకేసుకొస్తున్నారు. మా తలుపులకి టేకు అని అడ్వాన్స్ తీసుకున్న మేస్త్రీ తెల్ల చెక్కకి రంగు పూసి బిగించాడు. ఏడాది తిరక్కుండా పిండి రాలింది. ఫోన్ చేస్తే ఎత్తడు. చౌక చెక్క అంటగట్టడానికే మీవాళ్లు ఊరి కలపని పొగుడుతారు.

బాడిస: మీకు జరిగింది మోసమే, ఆ మనిషిని నేను సమర్థించను. కానీ "మీవాళ్లు" అన్నారు చూడండి, అది నాకు తగిలింది. మా నాన్న చెక్కని ఆరబెట్టనిదే చిత్రిక పట్టేవాడు కాదు. నీడన ఆరాలంటే అంగుళం మందానికి సుమారు ఏడాది కావాలి. ఆగేదెవరు? ముహూర్తం చెప్పి పచ్చి చెక్కతోనే చేయమంటారు, తర్వాత విచ్చిందని తిడతారు. టింబర్ డిపోలో అడిగినంతా ఇచ్చి, కూలి దగ్గరికొచ్చేసరికి సగానికి బేరమాడతారు. ఆ సగం కూలితో ఎంత నిదానంగా పని చేస్తాడు?

ఇందూరు_అన్న: నేను కూలి పూర్తిగా ఇచ్చాను. మోసపోయింది నేను. మళ్లీ నమ్మమంటే ఎలా నమ్మను? టేకైతే కనీసం చేవ కంటికి కనిపిస్తుంది.

గోదారిగట్టు: అయ్యా, నా చెట్టు సంగతి చూడండి. అసలు మా ఆయన పట్టు చెక్క గురించి కాదు. వియ్యాలవారు వస్తారు, వేప బల్ల చూస్తే ఏమనుకుంటారోనని. ఆ చెట్టు మా అత్తగారు నాటింది. నాకు దాన్ని వంటచెరుకుగా అమ్మబుద్ధి కావడం లేదు.

బాడిస: అయితే ఆయన మాటా నిలుస్తుందమ్మా. మాఘానికి ఆరిన టేకు కొని టేబుల్ చేయించుకోండి. వేపని అనుమతి వచ్చాక ఒకటిన్నర అంగుళాల పలకలుగా కోయించి, కొసలకి పెయింట్ పూసి, మధ్య మధ్య సన్నని కర్రలు పెట్టి నీడలో పేర్చండి. తేమ మీటర్‌లో 12 శాతం లోపు చూపించాక మంచం మొదలుపెట్టండి. ఏడాదిన్నర పడుతుంది. తొందరపెట్టే మేస్త్రీకి ఇవ్వొద్దు.

ఇందూరు_అన్న: టేబుల్ టేకుతోనే అంటున్నారు, సంతోషం. మంచం మాట నేనిప్పుడే ఒప్పుకోను. మంచం మొదలుపెట్టేముందు మీటర్ అంకె ఫోటో తీసి ఇక్కడ పెట్టండమ్మా, ఆమాట అప్పుడు చూద్దాం.