ఉదయగిరి కొండ మీది బురుజుల దాకా మోటారు రోడ్డు వేయాలా, వద్దా?

పెన్నాతీరం:
కొండవీటికి ఘాట్ రోడ్డు వేశారు. మన ఉదయగిరి దుర్గానికి మాత్రం ఇంకా కాళ్లే గతి. పైనున్న బురుజు చూడాలని మా అమ్మకు ఆశ, మోకాళ్లు సహకరించవు. రోడ్డు అడిగితే చరిత్ర పాడవుతుందంటున్నారు. ఎవరూ చూడని చరిత్ర ఎవరి కోసం?

కొండమేక:
రోడ్డు పడితే బురుజు చూసేవారికంటే బిర్యానీ పొట్లాలతో వచ్చేవారే ఎక్కువవుతారు. అసలు ఆ బురుజు కట్టిందే ఎవరూ సులువుగా రాకూడదని. గజపతుల నుంచి ఈ దుర్గం గెలవడానికి కృష్ణదేవరాయలకు దాదాపు ఏడాదిన్నర పట్టింది. 1514లో గానీ లొంగలేదు. చెమటోడ్చి ఎక్కినవాడికే ఆ ఆలస్యం ఎందుకో అర్థమవుతుంది. కారు దిగి సెల్ఫీ తీసుకునేవాడికి అదొక రాళ్ల గుట్ట.

పెన్నాతీరం:
రాయలవారిని మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ ఏమని రాశాడు? కోటకు ఉన్నది ఒకే దారి, ఒక్కొక్కరుగా తప్ప నడవలేనంత ఇరుకు. రాయలు బండలు పగలగొట్టించి, వెడల్పాటి దారులు వేయించి బురుజులను సమీపించాడు. అక్కడ రోడ్డు కావాలన్న మొదటి మనిషిని నేను కాదు!

కనిగిరి మేస్త్రి:
వేయించాడండీ, కోటను పడగొట్టడానికి. నాది రాతిపని. ఈ రోజుల్లో రోడ్డుకు బండ పగలాలంటే మందు పెట్టాల్సిందే. పాత కట్టడాల్లో గానుగ సున్నం వానలకు కరిగిపోయి, రాయి మీద రాయి బరువుతోనే నిలిచిన గోడలు ఉంటాయి. అదురుకు ముందు జారేవి అవే. తర్వాత మరమ్మతు పేరుతో సిమెంటు మెత్తుతారు. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు, రాతి అంచులు పెచ్చులూడతాయి.

చెక్కగరిటె:
ఉదయగిరిలో మాది చెక్క గరిటెల కొట్టు. జనం వస్తేనే మాకు బేరం. అయినా రోడ్డు వద్దనే అంటాను. గుప్తనిధుల పిచ్చివాళ్లు ఇప్పుడు పలుగులు మోసుకుంటూ ఎక్కాలి, రోడ్డుంటే యంత్రాలే తెస్తారు. కాలిబాట బాగుచేసి, మధ్యలో నీడ, తాగునీరు, రాత్రి కాపలా పెడితే చాలు. అమ్మగారికి డోలీ ఏర్పాటు అడగండి.

పెన్నాతీరం:
ఒకరి భుజాలెక్కడానికి మా అమ్మ ఒప్పుకోదు. మేస్త్రి గారూ, రోప్‌వే అయితే?

కనిగిరి మేస్త్రి:
స్తంభాలకు కొంత తవ్వక తప్పదు. బురుజు దగ్గర కాకుండా దూరంగా దింపితే నాకు అభ్యంతరం లేదు.

కొండమేక:
నాకుంది.